చెబితే దొరకని ఇల్లు

ఇప్పటికి పదేళ్ల కిందట, వానకాలం మొదట్లో, నన్ను నస్పూర్ దగ్గరి ఒక భూగర్భ గనికి పర్సనల్ ఆఫీసరుగా వేశారు. గనిలో ఇంజినీర్ల బాధ్యత బొగ్గు. పర్సనల్ ఆఫీసరు బాధ్యత ఆ బొగ్గు తీసే మనిషి. హాజరు, సెలవులు, ప్రమోషన్లు, క్వార్టర్ల కేటాయింపు, ప్రమాదం జరిగితే ఇంటికి కబురు, చివరికి పదవీ విరమణ, అన్నీ మా బల్ల మీదుగానే పోతాయి. హోదాలో మేనేజరు కింద ఉంటాం కానీ, కార్మికుడి ఇంటి సంగతులు మేనేజరు కంటే మాకే ముందు తెలుస్తాయి.

నేను చేరిన కొన్నాళ్లకే ఓదెలు విషయం నా ముందుకు వచ్చింది. అతను టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు, ఇనుప స్తంభాలు నిలబెట్టే మనిషిని గనిలో అలా పిలుస్తారు. అప్పటికే అతని ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి. నాలుగు మాటలు మాట్లాడితే ఐదో మాటకు ఆగి గాలి పీల్చుకునేవాడు. కంపెనీ మెడికల్ బోర్డుకు పంపాం. బోర్డు అతన్ని పనికి అనర్హుడని తేల్చింది. కార్మికులు దాన్ని ‘అన్‌ఫిట్’ కావడం అంటారు. అన్‌ఫిట్ అయినవాడి కొడుక్కి, కొడుకు లేకపోతే కూతురికి, అదే కంపెనీలో ఉద్యోగం వస్తుంది కాబట్టి, కొందరి ఇళ్లలో ఆ మాట విని ఊపిరి పీల్చుకుంటారు. ఓదెలుకు కొడుకు లేడు. ఒక్కతే కూతురు, స్వరూప. డిగ్రీ పూర్తి చేసింది. చిన్ననాటి నుంచి ఆమెకు ఫిట్స్ ఉన్నాయి. గని ఉద్యోగానికి జరిపే వైద్య పరీక్షలో ఆమె నిలబడదని ఓదెలు దంపతులకు తెలుసు. ఆ దారి వాళ్లు అడగనే లేదు.

ఉద్యోగం పోతే క్వార్టర్ ఖాళీ చేయాలి. అందుకు కొంత గడువు ఇచ్చే అధికారం మాకుంది. ఉన్నంత గడువూ ఇచ్చాను. అంతకు మించి ఇవ్వడానికి అక్కడ లైనే, అంటే ఆ క్వార్టర్ల వరసే, మిగిలేలా లేదు. ఆ క్వార్టర్లన్నీ, నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్ట్ గని విస్తరణలో పోతున్నాయి. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు వేరే కాలనీల్లో క్వార్టర్లు చూపించాం. ఓదెలుకు చూపించడానికి నిబంధన ఒప్పుకోలేదు.

క్వార్టర్ పరిశీలనకు వెళ్లిన రోజున ఆ కుటుంబం అక్కడ ఏం వదులుకుంటున్నదో నాకు తెలిసింది. నేను ఓదెలు వాకిట్లో కూర్చుని ఉండగానే లోపల స్వరూప పడిపోయింది. ఆమె తల్లి కనకవ్వ లేచేలోపే రెండు పక్కల ఇళ్ల నుంచి ఆడవాళ్లు వచ్చారు. ఒకామె పిల్లను పక్కకు ఒత్తిగిలించి తల కింద మడిచిన చీర పెట్టింది. ఇంకొకామె స్టూలు దూరంగా జరిపి, పిల్ల చేతిలో తాళంచెవి పెట్టబోయిన తన కొత్త కోడలిని వారించింది. అది పనికిరాదని డిస్పెన్సరీ నర్సు ఎప్పుడో చెప్పిందట. కాసేపటికి పిల్ల తేరుకుంది. ఆడవాళ్లు చేతులు కడుక్కుని ఎవరి పొయ్యి దగ్గరికి వాళ్లు వెళ్లిపోయారు. అది ఆ లైన్‌లో ఎవరికీ వింత కాదు.

ఓదెలు సొంతూరు ఖానాపూర్ దగ్గరి పల్లె. అక్కడికి వెళ్లవచ్చు కదా అని అడిగాను. ఓదెలు తల దించుకున్నాడు. కనకవ్వ కూతుర్ని పిలిచి, జాకెట్టు చెయ్యి పైకి జరిపి చూపించింది. భుజం కింద రెండు పాత వాతలు. చిన్నప్పుడు సెలవులకు పోతే, గాలి సోకిందని మేనత్తలు ఇనుప కడ్డీ కాల్చి పెట్టారట.

“సచ్చినా గా ఊరికి పోను సార్. కరీంనగర్ల నరాల డాక్టరు ఉన్నడు, ఈయన దమ్ముకు సుత పెద్ద దవాఖానలున్నయి. మాకు ఆడ్నే ఎక్కడన్న ఇల్లు జూడుండ్రి” అంది.

నన్ను అడగడానికి కారణం ఉంది. పిల్లల చదువుల కోసం నా కుటుంబం అప్పట్లో కరీంనగర్‌లో అద్దెకు ఉండేది. నేను వారానికోసారి వెళ్లి వచ్చేవాణ్ణి. కార్మికుడు క్వార్టర్ అప్పగించాక ఎక్కడ ఉంటాడన్నది మా విధుల్లో లేని విషయం. అయినా ఒక ఆదివారం ఆ ముగ్గురినీ వెంటబెట్టుకుని ఇళ్లు చూడటానికి బయల్దేరాను.

ఇల్లు మారేవాళ్లకు చెప్పవలసినవి నాకు కంఠస్థం: నల్లా నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి, ఆస్పత్రికి ఆటో దొరుకుతుందా, వానకు గల్లీలో నీళ్లు నిలుస్తాయా. ఇవన్నీ కనకవ్వ ఓపికగా విన్నది. కానీ ప్రతి ఇంటి ముందు ఆమె చూసింది మాత్రం వేరు. పక్కింటి తలుపు ఎంత దూరంలో ఉంది, పిలిస్తే వినపడుతుందా, ఆ ఇంట్లో పగటిపూట ఎవరుంటారు.

మొదటి ఇల్లు విద్యానగర్‌లో. కింది వాటా, పక్క వాటాలోనే ఇంటివాళ్లు. కనకవ్వకు చూడగానే నచ్చింది. ఇంటావిడ మంచి మనిషి, చాయ్ ఇచ్చింది. ఆ మంచితనం చూసే కనకవ్వ కూతురి సంగతి దాచకుండా చెప్పింది. ఇంటావిడ అయ్యో అన్నది, పిల్ల తల నిమిరింది. మర్నాడు ఫోన్ చేసి, తమ బంధువులు వస్తున్నారని, ఇల్లు ఇవ్వలేమని చెప్పింది.

రెండో ఇల్లు భగత్‌నగర్ వైపు. అక్కడ యజమాని ముఖాన్నే చెప్పాడు. “మాకు పెండ్లీడు పిల్లలున్నరు సార్. సూడొచ్చినోళ్లు పక్కింట్ల ఏంది అనడుగుతరు. జర అర్థం జేస్కోండ్రి.” అతని గొంతులో కోపం లేదు. మూడో చోట విషయం విన్నాక గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడారు. నాలుగో చోట అది అంటుకుంటుందా అని అడిగారు.

మూడు ఆదివారాలు ఇలాగే గడిచాయి. చివరి రోజు కలెక్టరేట్ దగ్గర ఒక చాయ్ దుకాణంలో కూర్చున్నాం. ఓదెలు ఆయాసపడుతూ, ఇక ఎవరికీ చెప్పొద్దని అన్నాడు. కనకవ్వ ఒప్పుకోలేదు.

“సెప్పకపోతె ఎట్ల? రేపు పిల్ల పడితె ఎవలు రావాలె? తెల్వనోళ్లు వస్తరా?”

“సెప్తె ఇల్లే ఇస్తలేరు గదనే” అన్నాడు ఓదెలు.

రెండు మాటలూ నిజమే. అప్పుడు స్వరూప నోరు విప్పింది. అన్ని ఆదివారాల్లోనూ ఆమె తనకేం కావాలో చెప్పడం అదే మొదటిసారి.

“అవ్వా, చెప్పకుండ్రి. నస్పూర్ల అందరికీ నేను పడే పిల్లనే. నన్ను సూస్తె ముందు అదే యాదికొస్తది. ఒక్క గల్లీలనన్న నన్ను ఉత్త స్వరూప లెక్క ఉండనియ్యుండ్రి.”

కనకవ్వ చాయ్ గ్లాసు కింద పెట్టి, సరే అంది.

బైపాస్ దిక్కు ఒక కొత్త కాలనీలో పై అంతస్తు వాటా దొరికింది. కింద యజమాని కుటుంబం. భర్త బట్టల దుకాణంలో పనిచేస్తాడు, భార్య విజయ ఇంట్లోనే ఉంటుంది. ఫిట్స్ సంగతి ఎవరూ అడగలేదు, వీళ్లు చెప్పలేదు. నీళ్లు బాగున్నాయి. ఆస్పత్రికి ఆటో ఉంది. నా లెక్క ప్రకారం అది మంచి ఇల్లు. మెట్లెక్కి పైకి వచ్చిన కనకవ్వ పిట్టగోడ మీద నుంచి కాలనీ అంతా చూసింది. అన్ని గేట్లూ మూసి ఉన్నాయి. ఇక్కడ మధ్యాహ్నం ఎవరూ బయట కూర్చోరా అని నన్ను అడిగింది.

తర్వాతి నెలల్లో రెండు మూడు సార్లు వాళ్లింటికి వెళ్లాను. ఒకసారి వెళ్లేసరికి మెట్ల మీద చిన్న పిల్లల చెప్పులు వరసగా ఉన్నాయి. స్వరూప ట్యూషన్ చెబుతోంది. డాక్టరు మార్చిన మాత్రలు పనిచేస్తున్నాయి, పడిపోవడం బాగా తగ్గింది. ఒకటి రెండుసార్లు వచ్చినా ఇంట్లోనే, తల్లి దగ్గర ఉండగానే వచ్చాయి. విజయకూ ఆమెకూ మంచి స్నేహం కుదిరింది. ఇద్దరూ కలిసి బజారుకు వెళ్లేవాళ్లు. అంతకు ముందు కూతురు ఒంటరిగా వీధి చివరి దాకా నడవడం ఓదెలు చూడలేదు. ఆమె గేటు తీసుకుని వెళ్తుంటే పిట్టగోడ దగ్గర నిలబడి చూసేవాడు. ఆ ఇంట్లో నేను నవ్వులు విన్నది ఆ రోజుల్లోనే.

స్నేహం కుదిరింది కనుక ఇప్పుడు కింది వాళ్లకు చెబితే మంచిదని నేను అన్నాను. స్వరూప కాదనలేదు. బతుకమ్మ అయిపోయాక చెబుదామంది. నస్పూర్‌లో ఆమెను ఎప్పుడూ వలయంలో ఆడనిచ్చేవారు కాదట, పడుతుందని పక్కన కూర్చోబెట్టేవారట. అదీ ప్రేమతోనే. ఈ ఒక్క యేడు అందరితో కలిసి ఆడతానంది. ఆడింది కూడా. సద్దుల బతుకమ్మ నాడు కాలనీ ఆడవాళ్ల మధ్య పట్టుచీర కట్టుకుని చప్పట్లు కొడుతూ తిరుగుతున్న ఆమెను విజయ ఫోన్‌లో ఫోటో తీసింది.

దసరా వెళ్లాక కనకవ్వ చెబుదామని రెండుసార్లు కిందికి దిగింది. మొదటిసారి విజయ కొత్త కుక్కర్ చూపిస్తూ మాట్లాడింది. రెండోసారి, పక్క వీధిలో ఒక ఇంట్లో అద్దెకున్నవాళ్లు మానసిక రోగం దాచారని ఖాళీ చేయించారట అని విజయే చెప్పింది. కనకవ్వ విని పైకి వచ్చేసింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక రోజు ఓదెలుకు ఆయాసం ఎక్కువైంది. కనకవ్వ అతన్ని ఆటోలో ఆస్పత్రికి తీసుకువెళ్లింది. స్వరూప తలనొప్పిగా ఉందని ఇంట్లోనే ఉండిపోయింది. ఆక్సిజన్ పెట్టి పంపేసరికి సాయంత్రం కావచ్చింది. వాళ్లు తిరిగి వచ్చేటప్పటికి పిల్ల మంచానికీ గోడకూ మధ్య బోర్లా ఇరుక్కుని ఉంది. ముఖం పరుపు అంచులో కూరుకుపోయింది. ఎప్పుడో పోయింది.

కబురు తెలిసి నేను నస్పూర్ నుంచి వచ్చాను. పక్కకు తిప్పే మనిషి ఒకరుంటే బతికేదని డాక్టరు అన్నాడు. ఆ మాట నాతో అన్నాడు, తల్లిదండ్రులతో అనలేదు. విజయ గేటు దగ్గర కూలబడి ఉంది. నన్ను చూసి లేచింది.

“సప్పుడైంది సార్. నేను ఇన్న. మొదలు ఏదో పడ్డట్టైంది, తర్వాత టకటక కొట్టుకున్నట్టైంది. ఎల్లిగడ్డ దంచుతున్నదనుకున్న. మళ్ల బందైంది. నాకెరుకుంటె ఉరకకపోదునా? నా చెల్లె లెక్క ఉండె.”

ఆమె అబద్ధం చెప్పడం లేదు. తెలిసి ఉంటే మెట్లెక్కి పరుగెత్తేది. ఆమె ఆ మాటలు మెట్ల మీద కూర్చున్న కనకవ్వకు వినపడ్డాయి. కనకవ్వ ఏడుపు ఆపి, విజయ వైపు చూసి, మెల్లగా అడిగింది.

“ముందుగాల్నే సెప్తె ఇల్లిద్దువా బిడ్డా?”

విజయ తల వంచుకుని అక్కడే నిలబడింది. కాసేపటికి కనకవ్వే ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. నిందించడానికి ఆమెకు ఎవరూ దొరకలేదు. అంత్యక్రియలకు నస్పూర్ నుంచి లైన్ వాళ్లు ఒక వ్యాన్ మాట్లాడుకుని వచ్చారు. అప్పటికే వాళ్లూ నాలుగు కాలనీలకు చెదిరిపోయారు.

పదకొండో రోజు తర్వాత ఓదెలు దంపతులు ఆ వాటా ఖాళీ చేశారు. ఎక్కడికి వెళ్తారని అడిగితే ఖానాపూర్ దగ్గరి ఊరికేనన్నారు. చచ్చినా పోనన్న ఊరది. ఇక అక్కడ ఎవరినీ కాపాడుకోవలసిన పని లేదని కనకవ్వ అంది. ఓదెలు మరుసటి యేడు చలికాలంలో పోయాడు. కనకవ్వ, పిల్లకు వాతలు పెట్టిన ఆ ఆడబిడ్డల ఇంటి పంచలోనే ఉందని విన్నాను. నేను వెళ్లి చూడలేదు.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా, రిటైరై పట్నం వెళ్లే కార్మికులు ఏ గల్లీలో ఉంటే మంచిదని నన్ను అడుగుతూనే ఉన్నారు. నీళ్ల గురించి, బడుల గురించి, ఆటోల గురించి చెప్పాను, అవి తెలిసిన విషయాలు. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నారని ఎవరైనా అంటే మాత్రం చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. దాస్తే ఇల్లు దొరుకుతుంది, ఆపదలో మనిషి దొరకడు. చెబితే ఇల్లే దొరకదు. నిజం విన్నాక కూడా తాళంచెవి చేతిలో పెట్టే గల్లీ ఈ పట్నాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. నా ఉద్యోగ కాలంలో ఒక్క కుటుంబానికి కూడా నేను దాన్ని చూపించలేకపోయాను.