సిలిండర్ గాలి

ఉదయం పదకొండున్నరకు హెలికాప్టర్ నన్ను దించింది. రెక్కలు ఆపలేదు. అందులోనే తిరిగి వెళ్తున్న పాత హవల్దారు నా చెవిలో అరిచాడు: "దగ్గు దాచేవాణ్ణి వదలకు." అదే అప్పగింత.

పదిహేడు వేల అడుగుల ఎత్తు. మైనస్ ఇరవై రెండు. ఒక మంచు గట్టు, దాని చాటున ఫైబర్ గుడిసె, గుడిసెలో కిరోసిన్ పొయ్యి. ఆరుగురి సైనిక పోస్టు. ముగ్గురం పాత చిత్తూరు జిల్లా వాళ్ళం. నాది పుంగనూరు. నర్సింగ్ అసిస్టెంటుది మదనపల్లె. అతని అమ్మ ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయా. అతను సెలైన్ బాటిళ్ళ మధ్య పెరిగాడు. రేడియో ఆపరేటరుది కుప్పం పక్క పల్లె. అక్కడ పేర్లతో పనిలేదు. ఊరి పేరుతోనే పిలుచుకునేవాళ్ళం.

ఆ ఎత్తులో దగ్గు ఇక్కడి దగ్గు కాదు. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. మనిషి పొడి నేల మీద కూర్చుని లోపల మునిగిపోతాడు. మందు ఒక్కటే, కిందికి దిగడం. దిగే దారి దొరికేదాకా ఆక్సిజన్. మిగిలినవి వాటి తర్వాత.

ఆపరేటర్ సెలవు ముగించుకుని మూడో రోజు కాలినడకన పైకి వచ్చాడు. కింది క్యాంపుల్లో ఆగమన్న రోజులన్నీ ఆగాడు. అయినా కొందరికి వస్తుంది. అతని సంచిలో ఎండిన వాయిలాకు, అదే వావిలాకు, మిరియాల పొడి, కర్పూరం నూనె సీసా ఉన్నాయి. అతని అమ్మకు ఆయాసం. ఆ ఇంట్లో అందరికీ మందు ఆమే.

"ఏంది కుప్పం, అంగడి పెడతాండావా?" అన్నాడు నర్సింగ్ అసిస్టెంట్.

"నీ మాదిరి సూదులమ్ముకునే అంగడి కాదులే డాక్టరయ్యా."

"ఆ ఆకు మా టమోటా యార్డుకు పంపు. పురుగన్నా సస్తాది."

మిగతావాళ్ళం నవ్వాం. వాళ్ళిద్దరూ నవ్వలేదు.

ఆకు మీద నాకు పగ లేదు. జలుబు చేస్తే వాయిలాకు ఆవిరి నేనూ పడతాను. ముక్కు తెరుచుకుంటుంది, గొంతుకు హాయిగా ఉంటుంది. ఆ హాయే అతని కొంప ముంచింది. దగ్గు మొదలయ్యాక రెండు రోజులు దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టాడు. తేలికగా ఉందనిపించి ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు పొద్దున బూటు తాడు కట్టుకోవడానికి వంగి, లేవలేకపోయాడు.

నర్సింగ్ అసిస్టెంట్ స్టెతస్కోప్ పెట్టాడు. నన్ను కూడా వినమన్నాడు. చెవి దగ్గర వెంట్రుకలు నలిపినట్టు చప్పుడు.

"నెమ్ము గదన్నా. మాయింట్లో అందరికీ ఉండాది," అన్నాడు ఆపరేటర్.

"నెమ్ము కాదు, నీళ్ళు. మాట్లాడొద్దు. నోరు మూసుకోని పడుకో."

బేస్‌తో రేడియోలో నేనే మాట్లాడాను. జవాబు చిన్నది. "మంచు తుఫాను. ఇప్పుడు ఎగరలేం. విడుపు దొరికితే వస్తాం. హెలిప్యాడ్ తొక్కి ఉంచండి. ఆక్సిజన్ పెట్టండి, మాస్కు తీయొద్దు." కాలినడకన దింపడానికి దారిలో మంచు గోడ ఉంది. ఆ గాలిలో తాడు మీద మనిషిని దించలేం.

మాస్కు పెట్టాం. మాస్కు కింద ఒక ప్లాస్టిక్ సంచి వేలాడుతుంది. పీలిస్తే సన్నబడుతుంది, వదిలితే నిండుతుంది. ఆక్సిజన్ తెరిచిన చోట మంట ఉండకూడదు. పొయ్యి ఆర్పేశాం. గుడిసె గడ్డకట్టింది. సిలిండర్ నుంచి వచ్చే గాలి ఇంకా చల్లగా ఉంది. గంటకు అతని పెదవుల నలుపు తగ్గింది.

అమ్మతో మాట్లాడతానని సైగ చేశాడు. ధైర్యం వస్తుందని నర్సింగ్ అసిస్టెంట్ ఒప్పుకున్నాడు. శాటిలైట్ ఫోన్ అతనే పట్టుకున్నాడు, స్పీకర్ పెట్టి.

"ఏంది నాయనా ఆ బుస్సు?"

"ఆక్సిజన్ మా. నెమ్ము సేసింది."

"సిలిండరు గాలా? సల్లగా ఉండాదా?"

"ఉండాది మా."

"తీసెయ్ సామీ. నెమ్ము మీద సల్లగాలి పడితే లోపల గడ్డకట్టి పోతాది. మన ఇంట్లో ఫ్యానన్నా ఏస్తామా? వాయిలాకు పట్టు. నూనె రుద్దుకో, ఎచ్చగా ఉండు."

నర్సింగ్ అసిస్టెంట్ ఫోన్ తన నోటికి తిప్పుకున్నాడు. "అమ్మా, అది తీస్తే మీవోడు బతకడు. తీయమని సెప్పొద్దు."

"నువ్వెవురప్పా? వాని నెమ్ము ఇరవయ్యేండ్లు సూసినేది నేనా, నువ్వా?"

లైను తెగింది. "మీయమ్మకు తెలీదురా," అన్నాడు నర్సింగ్ అసిస్టెంట్. ఆపరేటర్ మాస్కు పైనుంచి అతని వైపు చూశాడు. ఆ చూపులో స్నేహం లేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు నేనూ మిగతావాళ్ళూ హెలిప్యాడ్ మీద మంచు తొక్కుతున్నాం. ఒకడు కాపలాలో ఉన్నాడు. గుడిసెలో సిలిండర్ అడుగంటుతోందని నర్సింగ్ అసిస్టెంట్ రెండోది తేవడానికి ముప్పై అడుగుల దూరంలోని స్టోరుకు వెళ్ళాడు. దాని వాల్వు గడ్డకట్టింది. చంకలో పెట్టుకుని కరిగించాల్సి వచ్చింది. ఇరవై నిమిషాలు పట్టి ఉంటుంది. అతను నన్ను కేకేసిన గొంతు వేరుగా ఉంది.

ఆపరేటర్ దుప్పటి లోపల ముందుకు ఒరిగి ఉన్నాడు. తాగడానికని ఫ్లాస్కులో పోసి ఉంచిన వేడినీళ్ళు మగ్గులో ఉన్నాయి. అందులో ఆకు. ఛాతీకి నూనె రాసుకున్నాడు. మాస్కు మొహం మీద లేదు.

మళ్ళీ పెట్టాం. మందులు ఇచ్చాం. నర్సింగ్ అసిస్టెంట్ ఎడతెగకుండా తిడుతూనే ఉన్నాడు, "లేయ్‌రా నా కొడకా, లేయ్, నీ ఆకు నేనే మరగబెడతా, లేయ్." నోటి నుంచి గులాబి రంగు నురుగు వచ్చింది. నాలుగింటికి పోయాడు. నాలుగున్నరకు తుఫాను విడిచింది. హెలికాప్టర్ వచ్చింది.

నాకు సెలవు దొరికేసరికి రెండు నెలలైంది. అప్పటికి కుప్పం నుంచి మదనపల్లెకు ఫోన్లు పోతున్నాయి. మీవోడు మావోని గొంతులోకి చల్లగాలి కొట్టి చంపాడని. నర్సింగ్ అసిస్టెంట్ అమ్మ పనిచేసే ఆసుపత్రి గేటు దగ్గర ఆపరేటర్ మేనమామ నిలబడి అరిచి వచ్చాడు. ఆమె పనికి పోవడం మానేసింది. నర్సింగ్ అసిస్టెంట్ సెలవు పెట్టలేదు. "యాడికి పోయేదన్నా?" అన్నాడు. అందుకని నేను కుప్పం పోయాను, నిజం చెప్పడానికి.

మేనమామ వాకిట్లోనే అడ్డం నిలబడ్డాడు. "ఆ మదనపల్లోడు యాడ? వానికి ముఖం లేక నిన్ను పంపినాడా?"

"అతను పంపలేదు."

"వాడు ఈ వీధిలో కనపడితే కాళ్ళిరగ్గొడతా."

"ముందు నన్ను కొట్టు. అక్కడ పెద్దోణ్ణి నేను."

లోపలి నుంచి అమ్మ పిలిచింది. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మాట మాటకూ ఊపిరి తీస్తోంది. పక్కన గవర్నమెంటు ఆసుపత్రిలో ఇచ్చిన ఇన్‌హేలర్, మూత కూడా తీయలేదు. తమ్ముణ్ణి బయటే ఉండమంది. కొడుకు ఏం తిన్నాడని గానీ, ఏం అన్నాడని గానీ అడగలేదు.

"నేను సెప్పినాక తీసినాడా అప్పా?"

దారి పొడుగునా కోపంతో కూర్చిన మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి. ఒక్కటే వాడాను.

"తీసినాడమ్మా."

"ఆ మదనపల్లె పిల్లోడు?"

"ఇంకో సిలిండరు తేను పోయింటే తీసినాడు. అతను తీయలేదు."

 ఆమె లేచి, గోడ పట్టుకుని వాకిలి దాకా నడిచింది. తమ్ముడితో అంది:

"మదనపల్లెకు పో. ఆ గేటుకాడనే నిలబడి సెప్పు. తీయమనింది నేనని సెప్పు. అంతే గట్టిగా సెప్పు."

నేను పుంగనూరు బస్సెక్కాను. ఇప్పుడు యాత్రలకు పోయేవాళ్ళు నన్ను అడుగుతుంటారు, కర్పూరం మూట వాసన చూస్తే కొండ మీద ఆయాసం రాదంట గదా అని. ఆ ఇంటికి పోయి వచ్చినవాణ్ణని వాళ్ళకు తెలియదు. ఊపిరాడకపోతే దిగండి అంటాను. వాళ్ళకు నచ్చదు. నేను మర్యాదగా చెప్పను కూడా.

మంచు మరచిపోయాను. నురుగు కూడా కొన్ని రోజులు గుర్తుకు రాదు. పోనిది ఒకటి ఉంది. నేను గుడిసెలోకి వచ్చేసరికి మాస్కు పక్కబట్టల మీద వెల్లకిలా పడి ఉంది. సిలిండర్ ఇంకా బుస్సుమంటోంది. కింది సంచి నిండుగా, బిగుతుగా ఉంది. కదలడం లేదు.