ప్లస్సు వైపు వాలిన ముల్లు

మా లారీ మిలిటరీ డిస్పోజల్ బండి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక సైన్యం వదిలించుకున్న లారీలను వేలంలో కొని, పైన కొత్త రంగు కొట్టి అమ్మేవాళ్లు అప్పట్లో చాలామంది ఉండేవారు. ప్రొద్దుటూరులో ఆ వ్యాపారం చేసేవాళ్లలో మా మేనత్త భర్త ఒకడు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా నాయన ఆయన దగ్గరే లారీ కొన్నాడు. బయటివాళ్ల దగ్గరికి పోతే మోసపోతామట. సొంత చెల్లెలి మొగుడైతే మంచి బండి ఏరి ఇస్తాడట. నాయన ఆ మాట ఇంట్లో ఎంత నమ్మకంగా చెప్పాడో తలుచుకుంటే ఇంత వయసొచ్చాక కూడా నాకు పళ్లు పటపటమంటాయి.

మాది జమ్మలమడుగు. అన్న అంతకుముందు ఒక ప్రైవేటు బస్సు నడిపేవాడు. నేను పులివెందుల చుట్టుపక్కల బావుల మీద ఆయిలింజన్లు బాగుచేసుకుంటూ తిరిగేవాణ్ణి. సొంత లారీ వస్తోందంటే ఇద్దరం ఆ పనులు వదిలేసి ఇంటికి చేరాం. అన్న నడపాలి, నేను లోడింగు, మరమ్మతులు చూసుకోవాలి. జమ్మలమడుగు గనుల నుంచి నాపబండలు ప్రొద్దుటూరుకు, పులివెందుల నుంచి వేరుశనక్కాయ మూటలు ఎక్కడికి పిలిస్తే అక్కడికి. ఇదీ ఏర్పాటు.

బండి అప్పగించిన రోజు మామ తానే ఇంజను స్టార్టు చేసి, మా ముగ్గురినీ క్యాబిను దగ్గరికి పిలిచాడు. స్టీరింగు ముందున్న చిన్న మీటరు మీద వేలు పెట్టి చూపించాడు. అందులో ముల్లు ప్లస్సు వైపు వాలితే డైనమో బ్యాటరీకి కరెంటు పంపుతున్నట్టు, మైనస్సు వైపు వాలితే బ్యాటరీ నుంచే కరెంటు పోతున్నట్టు. "చూడు బావా, ముల్లు ప్లస్సులో ఉండాది. డైనమోకు నాది పూచీ," అన్నాడు నాయనతో. నాయన ముఖం వెలిగిపోయింది.

నెల తిరక్కుండానే బ్యాటరీ పడిపోయింది. సాయంత్రం లైట్లు వేస్తే చిమ్నీ దీపాల్లా ఎర్రగా వెలిగేవి. పొద్దున స్టార్టరు నొక్కితే ఒక మూలుగు, తర్వాత అదీ లేదు. గనిలో బండలెత్తే కూలీలు పని ఆపి వచ్చి తోసేవాళ్లు. బ్యాటరీని బజారులో ఛార్జింగుకు పెట్టించి తెస్తే కొన్నాళ్లు బాగుండేది, మళ్లీ అదే కథ. నేను ఫ్యాన్ బెల్టు మార్చాను. డైనమో విప్పి కార్బన్లు మార్చాను. అదీ చాలక డైనమోను ప్రొద్దుటూరు తీసుకుపోతే మామ దగ్గరి మేస్త్రీ బల్ల మీద తిప్పి చూసి, భేషుగ్గా ఉందన్నాడు. అది అబద్ధం కాదు. డైనమో నిజంగానే బాగుంది. కొత్త బ్యాటరీ వేశాం. అదీ పడిపోయింది.

ఇన్ని జరిగినా మీటరులో ముల్లు మాత్రం ప్లస్సు వైపే. ముల్లు అట్లా చెబుతుంటే ఇక డైనమోను ఎవరు తప్పు పడతారు? వచ్చిన కరెంటును ఎవరో తగలేస్తున్నారనే అందరి ఆలోచన. ఆ ఎవరో మా అన్న. మామ మా ఇంటికి వచ్చినప్పుడల్లా, పిల్లోడు లైట్లు ఆర్పకుండా దిగిపోతాండాడేమో కనుక్కో బావా అని నాయన చెవిలో వేసి పోయేవాడు. నాయన ఒకరోజు గని దగ్గరికి వచ్చి, కూలీలందరి ముందు అన్నను పట్టుకొని తిట్టాడు. బస్సు తోలిన మొగోడివి, దిగేముందు స్విచ్చు కట్టెయ్యాలని తెలియదా అన్నాడు. అన్న తల వంచుకొని నిలబడ్డాడు. బండి ఆపిన ప్రతిసారీ దిగి, ముందుకొకసారి వెనక్కొకసారి నడిచి లైట్లు చూసుకునే మనిషి. నాకు తెలుసు. నేను నాయనకు ఎదురు చెప్పాను. నన్నూ తిట్టాడు.

పులివెందులలో కాయల మూటలు వేసుకున్న ఒక పొద్దున బండి కదల్లేదు. తోయడానికి చుట్టూ మనుషులు లేరు, బండి నిండా లోడు. అన్న ఇనప హ్యాండిల్ తీసుకొని ముందుకు పోయాడు. ఇంజనుకు ముందు నుంచి హ్యాండిల్ తగిలించి చేత్తో తిప్పి స్టార్టు చేయడం అప్పుడు అందరూ చేసేదే. బ్యాటరీ సరిగ్గా ఉంటే ఆ అవసరం రాదు. నేను లోపల కూర్చొని చోకు పట్టుకున్నాను. రెండు చుట్లు తిరిగింది. మూడోసారి ఇంజను ఎదురు తన్నింది. హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి అన్న కుడి మణికట్టును కొట్టింది. నాకు లోపలికి టప్పుమని వినిపించింది. నేను దిగి పరుగెత్తేసరికి అన్న బంపరుకు ఆనుకొని నేల మీద కూర్చున్నాడు, ఎడం చేత్తో కుడి చేతిని ఒళ్లో పెట్టుకొని.

"ఇరిగిందిరా," అన్నాడు.

కట్టు కట్టించాం. ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. మా బండికి స్టీరింగు కుడివైపు. గేరు మార్చాలంటే ఎడమ చెయ్యి తియ్యాలి, ఆ కాసేపు స్టీరింగును కుడి చెయ్యి ఒక్కటే ఆపాలి. లోడు బండికి గతుకు తగిలితే స్టీరింగు కొట్టే దెబ్బను ఆ చెయ్యి ఇక ఆపలేదు. కట్టు విప్పినాక అన్న రోజూ మధ్యాహ్నం, వాకిట్లో ఆగి ఉన్న లారీ ఎక్కి స్టీరింగు పట్టుకొని బిగించి చూసుకునేవాడు. అమ్మ వంటింటి గడపలో నిలబడి చూసి లోపలికి పోయేది. 

మామ కూతుర్ని అన్నకు చేయాలని ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి అనుకున్నదే. ఆ ఏడు కాయల పంట వచ్చాక పెళ్లి పెట్టుకుందామన్నారు కూడా. మామ అన్నను చూడటానికి వచ్చాడు. మా ఇంట్లో అన్నం తిన్నాడు. అన్నను దగ్గర కూర్చోబెట్టుకొని చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు, సంతలో ఎద్దు కాలు చూసినట్టు. పోయాడు. తర్వాత దగ్గరి బంధువు ఒకాయన చేత కబురు పంపాడు. చెయ్యి బాగలేని డ్రైవరు రేపు పెళ్లాన్ని ఏం పెట్టి సాకుతాడని, ఏమీ అనుకోవద్దని. ఆ పిల్లను వేరే ఊరికి ఇచ్చారు. నాయన ఆ పెళ్లికి పోయి భోంచేసి వచ్చాడు.

అప్పటికి నాకు నిజం తెలియదు. తెలియకుండానే నా లోపల మంట రేగుతూ ఉంది.

అన్న చేయి పోయాక లారీ నేనే నడపసాగాను. బ్యాటరీ మళ్లీ పడిపోతే జమ్మలమడుగు బజారులో బ్యాటరీలకు ఛార్జింగు పెట్టే సాయిబు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చూసి, బ్యాటరీలో ఏ దోషమూ లేదన్నాడు. "దీనికి తిండి పడటంలేదప్పా. నీ డైనమో దీనికేమీ పంపటంలే," అన్నాడు. ముల్లు ప్లస్సులో ఉంది కదా అంటే, అది నాకు తెలియదు, బ్యాటరీ చెప్పేది మాత్రం ఇదీ అన్నాడు.

ఇంటికొచ్చి బ్యాటరీ బిగించి, లైట్లు సరిగ్గా వస్తున్నాయో లేదో చూద్దామని ఇంజను ఆపి ఉండగానే హెడ్‌లైట్ల స్విచ్చు వేశాను. మీటరు వైపు ఎందుకు చూశానో గుర్తులేదు. ముల్లు ప్లస్సు వైపు వాలింది. స్విచ్చు ఆర్పాను, మధ్యకు వచ్చింది. మళ్లీ వేశాను, మళ్లీ ప్లస్సు. ఇంజను తిరగడం లేదు, డైనమో తిరగడం లేదు. లైట్లు బ్యాటరీని తాగుతున్నాయి. ముల్లేమో బ్యాటరీ నిండుతోందని చెబుతోంది.

మీటరు పలక మరలు విప్పి వెనక్కి చూశాను. మిలిటరీ వాళ్లు వేసిన వైర్లన్నీ పాతవి, దుమ్ము పట్టి ఉన్నాయి. మీటరుకు తగిలించిన రెండు కొసలు మాత్రం కోసి, అటుది ఇటు ఇటుది అటు మార్చి ఉన్నాయి. ఒకటి పొట్టిదైనందుకు ఇంకో వైరు ముక్క కలిపి, కొత్త నల్ల టేపు చుట్టారు. బండిలో ఎప్పుడు ఛార్జింగు లేకపోయినా అది ఉన్నట్టు కనిపించాలని, కావాలని చేసిన పని. అన్నను పిలిచి చూపించాను. ఆయన ఎడం చేతి వేలితో ఆ టేపును తడిమి చూశాడు.

"మనం బండి తెచ్చుకున్నప్పటి నుంచి ఈ పలక ఎవరూ ఇప్పలేదు," అన్నాడు.

మరుసటి రోజు పొద్దునే ప్రొద్దుటూరు పోయాను. మామ దొడ్లో ఇంకో మిలిటరీ లారీ నిలబడి ఉంది. పెండ్లిమర్రి వైపు నుంచి వచ్చిన రైతులు ఇద్దరు దాన్ని చూస్తున్నారు. ఇంజను నడుస్తోంది. మామ క్యాబినులో మీటరు మీద వేలు పెట్టి ఉన్నాడు. డైనమోకు నాది పూచీ అంటున్నాడు. అవే మాటలు.

నేను అటువైపు తలుపు తీసి ఎక్కి ఇంజను కట్టేశాను. హెడ్‌లైట్లు వేశాను. ముల్లు ప్లస్సుకు పోయింది. రైతులను పిలిచి చూడమన్నాను.

"ఇంజను ఆగిపోయింది. ఇప్పుడు ఛార్జింగు యాడ నుంచి వస్తాంది మామా?"

ఆయన నవ్వబోయాడు. నా ముఖం చూసి మానుకున్నాడు. నన్ను రెక్క పట్టి గోడ పక్కకు లాక్కుపోయాడు. ఈ వ్యాపారంలో అందరూ చేసేదేనని, ముల్లు మైనస్సులో ఉంటే ఏ కొనేవాడూ బండి దగ్గర నిలబడడని, మాకు ఎప్పుడో చెబుదామనే అనుకున్నానని ఏదేదో చెప్పుకొచ్చాడు. నేను అన్న చెయ్యి సంగతి అడిగాను.

"హ్యాండిల్ ఎట్ట పట్టుకోవాల్నో వానికి తెలీకపోతే నేనేం చేసేది?" అన్నాడు.

ఆయన చొక్కా నా గుప్పిట్లోకి ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. గోడకు ఆనించాను. ఆ రైతులే వచ్చి విడదీశారు. లోపలి నుంచి మేనత్త వచ్చి, నా సంసారం బజారున పడేస్తాండావా నాయనా అని ఏడ్చింది. ఆమె మీద నాకు కోపం లేదు. అక్కడి నుంచి వచ్చేశాను. రైతులు అంతకుముందే వెళ్లిపోయారు.

సంగతి నాకన్నా ముందే ఇంటికి చేరింది. నాయన అరుగు మీద కూర్చొని ఉన్నాడు. వైర్ల గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. ఇంటి ఆడబిడ్డ ఆ ఇంట్లో బతకాలని, రేపే పోయి మామను మన్నించమని అడగాలని అన్నాడు. అన్న చెయ్యి నీకు కనపడటంలేదా అన్నాను. అయ్యిందేదో అయిపాయ, చుట్టరికం పోగొట్టుకుంటే చెయ్యి తిరిగొస్తాదా అన్నాడు. నేను పోలేదు. నాయన చాలా నెలలు నాతో మాట్లాడలేదు. మామతో మాత్రం ఎప్పటిలాగే మాట్లాడాడు. 

ఆ వారమే లారీని బాగుచేశాను. మీటరు వైర్లు ఉండాల్సిన చోటికి మార్చి ఇంజను వేయగానే ముల్లు మైనస్సు వైపు వాలి నిజం చెప్పింది. ఇక డైనమో నుంచి ఒక్కో వైరూ పట్టుకొని పోయాను. అన్న పక్కన కూర్చొని ఎడం చేత్తో వైర్లు పట్టుకున్నాడు. డైనమో నుంచి వచ్చే కరెంటు నేరుగా పోకుండా, మూత అతికేసిన ఒక రేకు డబ్బాలోకి పోయి బయటికి వస్తోంది. యుద్ధంలో రేడియోలకు గరగర రాకుండా మిలిటరీ వాళ్లు పెట్టుకున్న డబ్బా అది. మా నాపబండలకు దానితో పనే లేదు. లోపల అది కాలిపోయి, కరెంటునంతా బండి ఇనుములోకి వదిలేస్తోంది. డబ్బా పీకేసి వైరు నేరుగా కలిపాను. ఇంజను వేసి కాస్త రేజ్ చేయగానే ముల్లు ప్లస్సుకు ఎక్కి నిలబడింది. ఒక మధ్యాహ్నపు పని.

నా కోపమంతా అక్కడే ఉంది. బండి పాతదని కాదు, డబ్బా కాలిపోయిందని కాదు. చెడిపోయిన బండిని బాగుచేసుకోవడం మాకు చేతనవును. ముల్లును ఉన్నచోట ఉండనిచ్చి ఉంటే తెచ్చిన వారంలోనే ఆ డబ్బా దొరికేది. అన్న ఆ పొద్దున హ్యాండిల్ ముట్టుకునేవాడే కాదు.

అన్న తర్వాత పులివెందుల బస్సుల్లో కండక్టరుగా చేరాడు. ఆ పక్కనే ఒక ఊళ్లో పెళ్లి చేసుకున్నాడు. మామ గురించి నా దగ్గర ఎన్నడూ చెడ్డగా మాట్లాడలేదు. ఆ మంచితనం కూడా నాకు కొన్నాళ్లు కోపం తెప్పించింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక రోడ్లు బాగుపడ్డాయి, బాడుగలు పెరిగాయి. ఆ లారీ నేను నడిపినంతకాలం ఛార్జింగు గురించి మళ్లీ చూసుకోవలసిన పని పడలేదు.

మామ పోయినప్పుడు ఇంట్లో అందరూ ప్రొద్దుటూరు పోయారు. నేను బండికి లోడు వేసుకొని ఇంకోవైపు వెళ్లిపోయాను. నాయన చివరి రోజుల్లో ఒకసారి, మందు తాగించి గ్లాసు కింద పెడుతుంటే, ఆ పొద్దు నలుగురిలో మామ చొక్కా పట్టుకోకుండా ఉండాల్సిందిరా అన్నాడు. ఇన్నేళ్లకు ఆయనకు గుర్తున్నది అదీ.

"ఇప్పుడు లేచొచ్చినా పట్టుకుంటా నాయనా," అన్నాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.