అత్త చింతచెట్టు మీది కొంగలు

మొన్న శుక్రవారం ఉదయం మస్కట్‌లో మా వరండాలో కూర్చుని టీ తాగుతూ ఉంటే, ఫోను తనంతట తానే ఒక వీడియో బయటికి తీసి చూపించింది. రెండేళ్ళ కిందట ఇదే రోజున మీరు తీసినది, చూసుకుని మురిసిపోండి అని దాని ఉద్దేశం. పెద్ద చెరువు, గట్టున ఒక పెంకుటిల్లు, ఆ ఇంటికి గొడుగు పట్టినట్టు రెండు చింతచెట్లు, ఆ చెట్ల మీంచి వందలాది కొంగలు ఒక్కసారిగా లేచి ఆకాశమంతా తెల్లగా పరుచుకోవడం. ఇక్కడి మన తెలుగువాళ్ళు అప్పట్లో దాన్ని చూసి ఆహా ఓహో అన్నారు, ఒకాయనైతే కూతురి పెళ్ళి వీడియోకి మొదట్లో అతికించుకుంటానని అడిగి మరీ తీసుకున్నాడు. ఆ కొంగలు ఎందుకు లేచాయో వాళ్ళకెవరికీ తెలియదు. నాకు తెలుసు, అందుకే టీ సగంలో పక్కన పెట్టేశాను.

అరవై దాటినవాణ్ణి, ముప్ఫై ఏళ్ళకి పైగా ఈ ఎడారిలో పంపులు బాగుచేసుకుంటూ బతికినవాణ్ణి. నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మన చిన్నప్పుడు సెలవులంటే ఊటీలూ కాశ్మీర్లూ కావు, ఏ అత్తో పిన్నో ఉన్న ఊరు, అంతే. విజయనగరంలో పెరిగిన నాకు ఆ ఊరు టెక్కలి దాటి సముద్రం వైపు ఉన్న మా మేనత్త వాళ్ళ పల్లె. క్రిస్మస్ సెలవులివ్వగానే నాన్న నన్ను బస్సెక్కించి తీసుకెళ్ళేవాడు. నరసన్నపేటలో బస్సు ఆగినప్పుడు కాగితం పొట్లంలో వేడి పకోడీలు కొనిపెట్టేవాడు, ఆ నూనె మరకల చేతులతోనే నేను అత్త ఒళ్ళో వాలేవాణ్ణి, అత్త తిట్టేది, తర్వాత ఆ చేతులు తన చీర కొంగుతోనే తుడిచేది.

వాళ్ళ ఊరి చెరువుని అక్కడివాళ్ళు తంపర అంటారు. వానాకాలంలో నిండి, వేసవికి బురదగా మారే లోతులేని నీళ్ళు. మావయ్య దోనె మీద వెళ్ళి చేపలు పట్టేవాడు, అత్త వాటిని గంపకెత్తుకుని సంతలో అమ్మేది. చలికాలం వచ్చేసరికి ఎక్కడెక్కడి నుంచో కొంగలూ గూడబాతులూ వచ్చి ఊళ్ళో చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని పొదిగేవి. మిగతా ఊళ్ళలో పక్షులొచ్చాయంటారు. మా అత్త వాళ్ళ ఊళ్ళో ఆడపిల్లలు పురిటికి వచ్చారనేవారు. అన్నది ఊరికే అనడం కాదు, పాటించేవారు. అవి ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో టపాకాయ పేలదు, దీపావళికైనా సరే, క్రిస్మస్‌కైనా సరే. పెళ్ళి మేళం పొలిమేర దగ్గరే ఆగిపోయేది, పెళ్ళికొడుకు చప్పుడు చెయ్యకుండా దొంగలా నడిచి ఊళ్ళోకి వచ్చేవాడు. మా వాళ్ళ బాప్టిస్టు చర్చిలో కూడా ఆ నెలల్లో డోలు మూల కూర్చునేది, పాటలన్నీ ఒట్టి గొంతులతోనే. ఇక ఆ రెట్టల కంపు సంగతి అడక్కండి. నెత్తిన తువ్వాలు లేకుండా వాకిట్లోకి వస్తే అయిపోయామే. అత్త రోజూ పొద్దున్నే వాకిలంతా ఊడ్చి ఆ రెట్టలు వరిమళ్ళకి మోసేది, ఒక్కనాడు విసుక్కోగా నేను చూడలేదు.

ఎనిమిదో ఏట కాబోలు, నాన్న కొనిచ్చిన రీలు తుపాకీ తీసుకుని వెళ్ళాను. చెట్టు కింద నిలబడి టప్పుమని ఒక్కటి పేల్చానో లేదో, అత్త వంటింట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు, వీపు మీద ఒక్కటి పడింది.

"పురిటాళ్ళున్న ఇల్లురా ఇది! సిగ్గునేదేటి నీకు?"

అది కూడా గొంతు పెంచకుండానే అంది. తుపాకీ లాక్కుని బియ్యం కుండలో పాతిపెట్టింది. నేను తిరుగు బస్సెక్కిన రోజున, నూక అంటుకుని ఉన్న ఆ తుపాకీని నా సంచీలో పెట్టి, మీ ఊళ్ళో పేల్చుకో నాయనా అని బుగ్గ గిల్లింది.

ఇన్నేళ్ళూ ఈ ఎడారిలో నేను ఎవరికి ఏ కథ చెప్పినా తిరిగి తిరిగి ఆ ఊరికే వచ్చేది. చెప్పి చెప్పి వినేవాళ్ళ చెవులు చిల్లులు పడ్డాయి. టపాకాయలు కాల్చని ఊరేమిటండీ అని నవ్వేవారు. పెద్ద నోట్లు రద్దయిన ఏడాది, ఆ శీతాకాలంలో సెలవు పెట్టి వెళ్ళినప్పుడు, వీళ్ళకి చూపించి తీరాలని ఎగిరే కెమెరా ఒకటి కొని పట్టుకెళ్ళాను. ప్రేమతోనే పట్టుకెళ్ళానండీ, అదే నన్ను ఎక్కువ బాధిస్తుంది.

జనవరి, నూర్పుల రోజులు. ఊరంతా కళ్ళాల్లో ఉంది, అత్త కొడుకు, మా బావ, తంపరలో వలల దగ్గర ఉన్నాడు. మావయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఎనభై దాటిన అత్త ఒక్కతే వాకిట్లో పీట మీద కూర్చుని చేపలు బాగుచేస్తోంది. నేను పెట్టె విప్పడం చూసి అడిగింది.

"అదేటిరా?"

"కెమెరా అత్తా. పైకెళ్ళి ఫొటోలు తీస్తుంది."

"అరుస్తాదేటి?"

"అరవదత్తా."

ఎందుకలా అన్నానా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. పేలదు కదా, తుమ్మెదలా కాస్త గుయ్యిమంటుంది, అంతే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నలభై ఏళ్ళు యంత్రాలతో కాపురం చేసినవాడికి ఏది అరుపో తెలియదా? తెలుసు. వీడియో కావాలి, అదీ అసలు సంగతి.

అది చెట్ల మీదికి లేవగానే కొంగలన్నీ ఒక్క ఊపున లేచాయి. నేను ఫోనులో చూస్తూ, ఛీ, "అబ్బ! ఎంత బావుందో!" అన్నాను. అప్పుడు నా వెనక తప్ తప్‌మని పడ్డాయి. తల్లులు కంగారుగా లేచిన తోపులాటలో గూళ్ళలోంచి పిల్లలు జారిపడ్డాయి. నాలుగు. రెండు అక్కడికక్కడే పోయాయి. అత్త చేపల చేతులతోనే వచ్చి మిగిలిన రెండింటినీ ఒళ్ళోకి ఎత్తుకుంది. నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అన్ని పక్షులు ఒకేసారి లేస్తే ఊరు ఊరుకుంటుందా? కళ్ళాల్లోంచి పరుగెత్తుకొచ్చారు. నేను ఆ దిక్కుమాలినదాన్ని దింపి సంచీలో కుక్కేశాను. ఊరిపెద్ద రొప్పుతూ అడిగాడు, ఏటయినాదప్పా, ఎవలు సేసినారు అని. నేను నోరు తెరవబోయాను, నిజంగానే తెరవబోయాను, కానీ సంచీని వెనక్కి జరుపుకున్నాను. విదేశం నుంచి వచ్చిన పెద్దమనిషిని, పొద్దున్నే అందరి చేతా దండాలు పెట్టించుకున్నవాణ్ణి.

"కోతులొచ్చినాయి నాయనా," అంది అత్త.

మా అత్త అబద్ధమాడదని ఆ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. చేపల తూకంలో ఆవిడ మాటకి సంతలో తిరుగు లేదు. అందుకే అందరూ నమ్మేశారు, కర్రలు పట్టుకుని కోతుల కోసం తోటల వైపు పోయారు. నేను సంచీ గట్టిగా పట్టుకుని, నిలబడిన చోటే నిలబడ్డాను.

సాయంత్రం బావ వచ్చి, సంచీ వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, గంపలో గడ్డి పరిచి ఆ పిల్లల్ని పడుకోబెట్టాడు. చిన్న చేపలు ఏరి అత్త వాటి నోట్లో పెట్టేది. వాటిలో ఒకటి బతికింది. ఆ ఆదివారం చర్చిలో అందరూ లేచి నిలబడ్డాక కూడా అత్త మోకాళ్ళ మీదే ఉండిపోయింది. ఎవరి పాపానికి క్షమాపణ అడుగుతోందో ఆ చర్చిలో నాకొక్కడికే తెలుసు. పక్కనే ఉండి పాటల పుస్తకంలో తల దూర్చుకున్నాను.

మరుసటి ఏడాది కొంగలు వచ్చాయి, కానీ అత్త చెట్ల మీదికి రాలేదు. ఈ ఏడూ రాలేదు. రేవు పక్క చెట్లకి వెళ్ళిపోయాయని బావ చెప్పాడు. ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ కోతుల్నే తిడుతున్నారట.

ఎనిమిదేళ్ళప్పుడు తప్పు చేస్తే నా చేతిలోది లాక్కుని బియ్యంలో దాచడానికి ఒక మనిషి ఉండేది. అరవై ఏళ్ళవాడి చేతిలోంచి ఎవరు లాక్కుంటారు? పెద్దవాళ్ళమైపోయామని మనల్ని కొట్టడం మానేస్తారు చూడండి, అంతకంటే పెద్ద శిక్ష లేదు.

వీడియో చూసిన రోజే అత్తకి ఫోన్ చేశాను. నిజం ఊరిపెద్దకి నేనే ఫోనులో చెప్పేస్తానని ముందు ఆవిడకి చెబుదామనుకున్నాను. ఆవిడ గొంతు లోపల్నుంచి గుసగుసలా వస్తోంది, సగం మాటలు అందడం లేదు.

"గట్టిగా మాట్లాడత్తా. చెట్టు మీద ఇప్పుడు ఎవరూ లేరుగా."



"ఏమోరా, వస్తాయేమో," అంది, అంతే నెమ్మదిగా.

చెప్పాలనుకున్నది ఆ రోజు కూడా చెప్పలేకపోయాను.