బాతుల చెరువు అని రాశాను

ఆ రోజు నేను చేసిన తప్పు ఒక్క మాటే. హాస్టల్ తలుపు పక్కన దారంతో కట్టి ఉన్న పుస్తకంలో, ఎక్కడికి వెళ్తున్నారు అన్న గడిలో, బాతుల చెరువు అని రాశాను. మేం వెళ్తున్నది అక్కడికి కాదు. నేను రాస్తుంటే మా అమ్మాయి పక్కన నిలబడి చదివింది. దానికప్పుడు తొమ్మిదేళ్ళు.

"నాన్నా, వి ఆర్ నాట్ గోయింగ్ దేర్," అంది.

"ఊరుకో. బూట్లు వేసుకో," అన్నాను.

మేం ఉండేది ఇంగ్లండ్‌లో, స్విండన్‌లో. అమ్మాయి బళ్ళో పిల్లలందరూ మంచు చూసొచ్చామని చెప్పుకుంటున్నారని, 2010 దాటిన తొలి ఏళ్ళలో ఒక డిసెంబరు చివర స్కాట్లండ్ కొండల్లో స్కీయింగ్‌కి పేరున్న ఊరికి వెళ్ళాం. నేను, మా ఆవిడ, అమ్మాయి, బావమరిది. అతను లండన్ పక్కన క్రోయిడన్‌లో ఉంటూ మాస్టర్స్ చదువుతున్నాడు. స్కీలు అద్దెకి తీసుకుని, నేర్పే మనిషిని పెట్టుకుని జారడం మాకు అందే పని కాదు. అందుకని హాస్టల్లో ఒక గది తీసుకున్నాం. రైస్ కుక్కరూ కందిపొడీ గోంగూర పచ్చడీ కారులో వేసుకెళ్ళాం.

డబ్బు పెట్టకుండా రోజు గడపడంలో నాకొక గర్వం ఉండేది. హాస్టల్ వంటింట్లోని పాత ప్లాస్టిక్ ట్రేలు అడిగి తీసుకుని వాలు మీద జారాం. స్కీలు వేసుకున్నవాళ్ళు దిగివచ్చే చోట కారు ఆపుకుని, ఫ్లాస్కులో టీ తాగుతూ ఎవరు పడతారా అని చూశాం. దేవదారు చెట్ల కింద కాయలు ఏరుకున్నాం. ఊరి చెరువులో బాతులకి బఠాణీలు వేశాం.

"స్కీ ఊరికి తీసుకొచ్చి స్కీ తప్ప అన్నీ చూపిస్తన్నాడు మీ బావ," అంది మా ఆవిడ తమ్ముడితో. "ఫ్రీ అంటే చాలు, చలి కూడా రెండుసార్లు పీలుస్తాడు."

"నువ్వూరుకో అక్కా. నా రూమ్‌లో హీటరు పెడితే మా ఓనరు తలుపు కొడతాడు. ఇక్కడ రోజంతా వెచ్చగా ఉంది. నేనైతే బావ పార్టీ."

హాస్టల్ నడిపే ఆవిడకి అరవై ఐదేళ్ళుంటాయి. మా ఆవిడ మొదటి రోజే ఆంటీ అని పిలిచేసింది. ఆవిడ అభ్యంతరం చెప్పలేదు. పుస్తకం ఆవిడదే. ఎంతమంది, ఎక్కడికి, ఎన్నింటికి తిరిగొస్తారు అని రాసి కానీ ఎవరూ గడప దాటకూడదు. కొండ మీద ఫోన్లు పనిచేయవు. రాసిన వేళకి అరగంట దాటితే ఆవిడ ఒక నంబరుకి ఫోన్ చేస్తుంది. ఊళ్ళో వాలంటీర్లు చేస్తున్న పని వదిలి, పుస్తకంలో ఉన్న చోటికి బయల్దేరతారు. అంటే కొండెక్కిన మనిషికీ ఊరికీ మధ్య ఉన్నది ఆ ఒక్క గీతే.

మా ఇళ్ళల్లో బయల్దేరేవాళ్ళని ఎక్కడికి అని అడగరు. ఎందాకా అంటారు, దూరమా అంటారు. ఎవరైనా పొరపాటున ఎక్కడికి అన్నారంటే మా అమ్మ వెనక్కొచ్చి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేది. మొదటి రోజు ఆంటీ గుమ్మంలో నిలబడి ఎక్కడికని అడగ్గానే మా ఆవిడ ముగ్గురినీ వెనక్కి లాగి బెంచీ మీద కూర్చోబెట్టింది. ఏదైనా మరిచిపోయారా అని ఆవిడ కంగారుపడింది. నేను పుస్తకంలో "బయటికి" అని రాశాను. బయట చాలా పెద్దది బాబూ, అందావిడ నవ్వుతూ. నేనూ నవ్వాను కానీ, ఇంత వయసొచ్చినవాణ్ణి బడిపిల్లాడిలా అడుగుతోందని లోపల గుచ్చుకుంది.

నాలుగో రోజు మా ఆవిడ జలుబుతో పడుకుంది. మిగతా ముగ్గురం మళ్ళీ బాతుల దగ్గరికే వెళ్ళాం. బఠాణీలు విసురుతుంటే అమ్మాయి ఎర్ర గ్లవ్ ఒకటి ఊడి, గడ్డకట్టిన నీటి మీద జారుకుంటూ వెళ్ళి, నడిమధ్య బాతులు ఈదే నల్లటి నీళ్ళకి కాస్త ఇవతల ఆగింది. "అమ్మకి చెప్పకు, తిడుతుంది," అని నా ఉన్ని మేజోడు తీసి దాని చేతికి తొడిగాను. బావమరిది పగలబడి నవ్వాడు. అప్పటికి అది సరదాగానే అనిపించింది.

ఐదో రోజు పొద్దున ఆంటీ అందరికీ వినపడేలా చెప్పింది. మధ్యాహ్నానికి మంచు పడుతుంది, పై చెరువు వైపు ఎవరూ వెళ్ళకండి అని. అడవి దాటి రెండు గంటలు ఎక్కితే కొండల మధ్య ఒక పెద్ద చెరువుంది. చలికాలం అంతా గాజులా గడ్డకడుతుందని హాస్టల్లో ఒకాయన చెప్పాడు. మర్నాడు బావమరిది క్రోయిడన్ వెళ్ళిపోతున్నాడు. అమ్మాయికి బాతులు విసుగొచ్చాయి. కిటికీలోంచి చూస్తే ఆకాశం శుభ్రంగా ఉంది.

నిజం రాస్తే ఆవిడ ఆపుతుంది. మా ఆవిడకి చెబితే తనూ ఆపుతుంది. తను నిద్రపోతోంది కాబట్టి చెప్పాల్సిన పని తప్పింది. పదకొండున్నరకి పుస్తకంలో ముగ్గురం, బాతుల చెరువు, మూడున్నరకి వస్తాం అని రాశాను.

"అదేంటి బావా, పైకి అన్నావుగా?" అన్నాడు బావమరిది మెల్లిగా.

"ఎక్కడికో చెబితే కలిసిరాదురా," అన్నాను.

నాకు ఆ పట్టింపు లేదు. మా ఆవిడ కూర్చోబెట్టినప్పుడల్లా ఎగతాళి చేసేవాణ్ణి. నా మొండితనానికి ఆ రోజు మా అమ్మ అలవాటుని అడ్డం పెట్టుకున్నాను. మా అమ్మ ఆగి మంచినీళ్ళు తాగేది, అంతే. ఒక చోటు పేరు చెప్పి ఇంకో చోటికి ఎప్పుడూ వెళ్ళలేదు.

అడవిలో దారి బాగానే ఉంది. పక్షి చప్పుడు కూడా లేదు. చెట్ల మీంచి అప్పుడప్పుడు మంచు దబ్బున పడేది, అమ్మాయి ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకునేది. పై చెరువు చేరేసరికి ఒకటిన్నర దాటింది. చెప్పినట్టే గాజులా ఉంది. ఒడ్డున నిలబడి బావమరిది రాయి విసిరితే అది జారుతూ వింతగా కూసింది. ఆ కూత అవతలి ఒడ్డు దాకా పోయి తిరిగొచ్చింది.

"ఐ డోంట్ లైక్ ఇట్," అంది అమ్మాయి.

అప్పుడు చూశాను, అవతలి ఒడ్డు లేదు. తెల్లటి పొగమంచు చెరువు మీదుగా మావైపు నడిచి వస్తోంది. తిరిగి అడవి మొదలు చేరేలోపే మంచు పడడం మొదలైంది. వచ్చిన అడుగుల జాడలు కళ్ళముందే పూడుకుపోయాయి. ఒక వాగు దాటుతుంటే బావమరిది కాలు రాళ్ళ మధ్య మెలిపడింది. లేచాడు కానీ కాలు మోపలేకపోయాడు. అతని చెయ్యి నా భుజం మీద వేసుకుని, అమ్మాయిని ముందు నడిపిస్తూ దిగాం. పది అడుగులకొకసారి ఆగేవాళ్ళం. ఫోన్ తీసి చూశాను. సిగ్నల్ లేదు.

మూడున్నరకే వెలుగు పోయింది. అమ్మాయి పళ్ళు టకటకమంటున్నాయి. కాసేపటికి ఆ చప్పుడు కూడా ఆగింది. అది ఇంకా భయపెట్టింది. నా కోటు విప్పి దాని మీద కప్పాను.

"ఆంటీ ఎవరినైనా పంపిస్తుందిలే అమ్మా," అన్నాను.

"షీ థింక్స్ వి ఆర్ విత్ ద డక్స్," అంది. కోపంగా కూడా అనలేదు. ఉన్నది ఉన్నట్టు అంది.

బావమరిది నా వైపు చూడలేదు. దారిలో వేసిన జోకులన్నీ ఎప్పుడో ఆపేశాడు. చెట్ల కాండాల మీద గుర్తుగా వేసిన తెల్ల రంగు పట్టీలు ఫోన్ వెలుతురులో ఒక్కొక్కటే వెతుక్కుంటూ నడిచాం. ఒక పట్టీ దొరికాక రెండోది దొరక్కపోతే మళ్ళీ మొదటిదాని దగ్గరికి వచ్చేవాళ్ళం. ఐదుకి కాస్త ముందు చెట్లు పలచబడి, కింద ఊరు కనిపించింది.

ఊరి చివర బోలెడన్ని టార్చిలైట్లు వరసగా, చాలా నెమ్మదిగా కదులుతున్నాయి.

"ఎవరో తప్పిపోయినట్టున్నారు బావా. పాపం," అన్నాడు బావమరిది.

నాకు అర్థమైంది. ఆ లైట్లు బాతుల చెరువు చుట్టూ ఉన్నాయి. వాళ్ళు పొడవాటి కర్రలతో ఐస్ పగలగొట్టి నీళ్ళలో గుచ్చి చూస్తున్నారు. వెతుకుతున్నది మా కోసం.

అరిచాను. గొంతు అంత దూరం పోలేదు. బావమరిదిని చెట్టుకి ఆనించి, అమ్మాయిని ఎత్తుకుని పరిగెత్తాను. ఒడ్డున దుప్పటి కప్పుకుని మా ఆవిడ నిలబడి ఉంది. చేతిలో ఎర్ర గ్లవ్ ఉంది. గ్లవ్ ముందురోజు పడిపోయిందని తనకి తెలియదు. నేనే చెప్పనివ్వలేదు. అరగంట నుంచీ అది పట్టుకుని ఆ నల్లటి నీళ్ళకేసి చూస్తోంది. అమ్మాయిని నా చేతుల్లోంచి లాక్కుంది. "ఎక్కడికెళ్ళావే?" అని దాన్నే అడిగింది, నన్ను కాదు.

ఆ గ్లవ్ తేవడానికి ఒకాయన ఐస్ మీద పొట్ట మీద పాక్కుంటూ వెళ్ళాడట. బస్సు నడిపి రిటైరైన మనిషి, హాస్టల్ వెనక ఒంటరిగా ఉంటాడు. గ్లవ్ అందుకుని తిరిగొస్తుంటే ఐస్ విరిగి నడుం దాకా దిగిపోయాడు. తాడుతో లాగారు కానీ, కుడి మణికట్టు విరిగింది. మేం వెళ్ళేసరికి ఆయన్ని అంబులెన్సు ఎక్కిస్తున్నారు. అమ్మాయిని చూసి బాగున్న చెయ్యి ఎత్తాడు. ఇద్దరు మనుషులు స్ట్రెచరు తీసుకుని బావమరిది కోసం పైకి వెళ్ళారు.

హాస్టల్ భోజనాల గదిలో వాలంటీర్లందరూ తడిబట్టలతో టీ తాగుతున్నారు. దారి తప్పామనుకున్నారు. ఒకతను నా భుజం తట్టి, పొగమంచులో ఎవరికైనా జరుగుతుంది అన్నాడు. అక్కడితో ఊరుకుంటే ఊరుకోవచ్చు. బల్ల దగ్గర మా అమ్మాయి రెండు చేతులతో పాల కప్పు పట్టుకుని నన్నే చూస్తోంది.

లేచి నిలబడ్డాను. మేం బాతుల చెరువుకి వెళ్ళలేదనీ, పై చెరువుకి వెళ్ళామనీ, వద్దంటారని తెలిసే పుస్తకంలో అబద్ధం రాశాననీ చెప్పాను. గ్లవ్ సంగతి కూడా చెప్పాను. ఎవరూ తిట్టలేదు. ఇద్దరు కప్పులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆంటీ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, పెన్ను ఇచ్చింది. రాసింది కొట్టేసి పక్కన నిజం రాశాను. ఎన్నింటికి తిరిగొచ్చామో కూడా.

గదిలోకి వెళ్ళాక మా ఆవిడ ఒక్క మాటే అంది. "నేను ఆ నీళ్ళలో దాని జడ కనపడుతుందేమోనని చూశాను. అప్పుడు నాకెలా ఉందో నీకు ఎప్పటికీ తెలీదు." నిజమే. ఇప్పటికీ తెలియదు.

మర్నాడు ఆసుపత్రిలో బావమరిది కాలికి కట్టు కట్టించి, అతన్ని రైలెక్కించి, అదే ఆసుపత్రి నుంచి ఆ పెద్దాయన్ని కారులో ఇంటికి తీసుకొచ్చాను. క్షమించమని అడిగితే ఆయన, కట్టెలు ఎవరు కొడతారు, అన్నాడు. ఆ ఇంట్లో వెచ్చదనమంతా కట్టెల పొయ్యిదే. మిగిలిన రెండు రోజులూ, ఆఫీసుకి ఫోన్ చేసి ఇంకో నాలుగు రోజులూ ఉండిపోయాం. కట్టెలు కొట్టాను, మోశాను, గోడవారగా పేర్చాను. ఆయన వాకిట్లో మంచు తీశాను. అమ్మాయి సన్న పుల్లలు ఏరి బుట్టలో వేసింది. మా ఆవిడ చారు కాచి పంపితే ఆయన సూప్ అనుకుని కప్పులో పోసుకుని తాగి, ఇంకా ఉందా అని అడిగాడు. మా ఆవిడ ఆ సెలవుల్లో నవ్వింది అప్పుడే.

స్విండన్ చేరగానే ముందు ఆంటీకి ఫోన్ చేశాను, తర్వాత ఆయనకి. లావు కట్టెలు కింద పెట్టావా, పైన పెట్టావా అని అడిగాడు. ఆలోచించి, పైన పెట్టానని చెప్పాను. అయితే వసంతంలోపు మొత్తం కూలిపోతుంది అన్నాడు.

మార్చిలో సెలవు పెట్టి మళ్ళీ బయల్దేరాను. తెల్లవారుజామున బ్యాగు భుజానికి వేసుకుంటుంటే మా ఆవిడ గుమ్మం దాకా వచ్చింది. ఎందాకా అనలేదు, దూరమా అనలేదు.

"ఎక్కడికి?" అంది.

వెనక్కి వచ్చి కూర్చోలేదు. ఊరి పేరు, ఆయన ఇల్లు, వెళ్ళే దారి, ఆదివారం ఎన్నింటికి తిరిగొస్తానో చెప్పాను. అమ్మాయి నిద్రకళ్ళతో మెట్లు దిగి వచ్చి, అవన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించింది. నేను తలుపు తీసేముందు నన్ను ఆపి, పైనుంచి కింద దాకా చదివి వినిపించి, "ఇది ట్రూ కదా?" అని అడిగింది.

అవునన్నాను. వెళ్ళి కట్టెలన్నీ దింపి, లావువి కింద పెట్టి పేర్చి, చెప్పిన వేళకి ఇంటికొచ్చాను.