దీపాలన్నీ వెలిగిన బండి

రబ్బరూ నూలూ కలిసి ముసలివైపోయాక వచ్చే వాసన ఒకటుంది. కొంచెం చెప్పుల దుకాణంలా, కొంచెం మాడిన వత్తిలా, అడుగున ఎక్కడో ఎలుక మూత్రంలా ఉంటుంది. మొన్న వానలు వెనకబట్టాక మా సందు చివర షెడ్డులో మన తెలుగు కుర్రవాడే ఒకడు, పాత విలాయతీ కారు కొని బాగుచేసుకుంటున్నవాడు, బానెట్టు ఎత్తిపెట్టి "తాతగారూ, మీరు కరెంటు పని చేసినవారు గదా, ఒకసారి చూడండి" అని పిలిస్తే వెళ్ళి తల వంచేసరికి ఆ వాసన ముఖాన కొట్టింది. ఇంజను పక్కన తీగలు పాత జడలా చిక్కుపడి ఉన్నాయి. వాటిని స్క్రూడ్రైవరు కొసతో అసహ్యంగా ఎత్తి చూపిస్తూ, ఎవడో బుద్ధిలేనివాడు ఇష్టమొచ్చినట్టు అతికేశాడనీ, మొత్తం పీకి పారేసి ఫోనులో కొత్త సెట్టు తెప్పించేస్తాననీ అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తీగ అతికినవాడు తెలివితక్కువవాడే అయ్యుండవచ్చు, కాదనను. కానీ ఊరికే ఎవడూ కారుకి తీగ కట్టడు. ఎవరినో ఎక్కడికో తీసుకెళ్ళాల్సి ఉంటేనే కడతాడు. అది అడగకుండా పీకేయడమేమిటి? ఆ మాటే పైకి అని, మోకాళ్ళు పట్టుకుని ఇంటికొచ్చేశాను.

మేము కలకత్తా పక్కన లిలువాలో రైలు క్వార్టర్లలో ఉండేవాళ్ళం. అరవైల మొదట్లో మాట. మా నాన్న దానియేలు రైలు పెట్టెల్లో దీపాలూ పంకాలూ బాగుచేసే ఫిట్టరు. బొబ్బిలి పక్క పల్లె నుంచి మామ్మనూ చెల్లెలినీ వెంటబెట్టుకుని వచ్చి, ఇక్కడే పెళ్ళి చేసుకుని, ఇక్కడే పాతుకుపోయాడు. ఎండాకాలంలో ఇనుము కాలిన వాసన, వానాకాలంలో గోడలకు పట్టిన పాచి వాసన, విశ్వకర్మ పూజనాడు వంద గాలిపటాల కింద వేడి వేడి ఖిచుడీ వాసన, చలికాలంలో బొగ్గుల కుంపట్లన్నీ ఒక్కసారి రాజేస్తే మంచుతో కలిసి మోకాలి ఎత్తున నిలిచిపోయే పొగ, ఆ పొగలో డాంగులీ, అంటే మన బిళ్ళంగోడే, ఆడుతూ కర్ర కనపడక ఒకడి ముక్కు ఒకడు పగలగొట్టుకోవడం, ఇవే మా ఋతువులు. మా వెనక వాకిట్లో టార్పాలిను కింద ఒక కారుండేది. నాన్నకు పైవాడైన ఒక దొర, ఉద్యోగం చాలించుకుని సముద్రం దాటిపోతూ, అమ్మితే ఎవరూ కొనరని తెలిసి, పెద్ద మనసుతో నాన్నకిచ్చిపోయాడు. అది వచ్చిన రోజు నుంచీ ఒక్క అడుగు కదలలేదు. అమ్మ దాని మీదికి గుమ్మడి పాదు పాకించింది. ఎలుకలు లోపల కాపురం పెట్టాయి. మేము స్టీరింగు పట్టుకుని నోటితో ఇంజను చప్పుడు చేస్తూ ఢిల్లీ దాకా పోయి వచ్చేవాళ్ళం.

ఆ కారు మీద నాన్న కన్ను పడడానికి కారణం మామ్మ కాళ్ళు. భవానీపూర్‌లో ఒక పాత చర్చిని, మేము గుడి అనేదాన్ని, బెంగాలీవాళ్ళ ఆరాధన అయిపోయాక, మధ్యాహ్నం మా తెలుగువాళ్ళకు ఇచ్చేవారు. షాలిమార్ నుంచీ, ఓడరేవు వైపు నుంచీ, మా లిలువా నుంచీ అందరూ అక్కడికే చేరేవారు. ఆడవాళ్ళు స్తంభాల పక్కన మాదూర్ చాపలేసుకుని కూర్చునేవారు. మామ్మకు అక్కడ ఒక స్తంభం ఉండేది. బూరకాళ్ళు వచ్చి కాళ్ళు వాచిపోయాక రైలు మెట్టు, ట్రాము మెట్టు ఎక్కలేకపోయింది. ఒకసారి నాన్నా ఇంకొకాయనా కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తి దించుతుంటే, ట్రాములో ఎవడో సరుకు దిగుతోంది దారివ్వండి అన్నాడు. అందరూ నవ్వారు. మామ్మ గుడిలో పాటలన్నీ పాడింది. ఇంటికొచ్చి మాత్రం, "కూకునైనా ఎల్తాను, పాకైనా ఎల్తాను, ఒకలు మోత్తే మాత్రం మరెల్లనురా" అంది. అన్నట్టే మానేసింది. పాస్టరుగారు ఇంటికొచ్చి ప్రభువు బల్ల అని రొట్టె, ద్రాక్షరసం ఇచ్చి వెళ్ళేవారు. ఆవిడ తీసుకునేది గానీ, ఆయన గుమ్మం దాటగానే, "ఒక్కదాన్నే తింటే అది బల్లేటి, మందు మింగినట్టుంటాది గానీ" అని గొణిగేది. మామ్మ పెద్ద అక్షరాల బైబిలు మీద వేలు పెట్టి నాకు తెలుగు నేర్పింది అప్పుడే. నేను బడిలో చదివింది కొద్ది. నాకు వచ్చిన అక్షరమంతా ఆ ముసలమ్మ వేలి కింద నుంచి వచ్చిందే.

ఆ ఏడు దుర్గాపూజ సెలవుల్లో నాన్న గుమ్మడి పాదు కోసేసి బానెట్టు ఎత్తాడు. క్రిస్మస్‌కి తల్లిని కారులో గుడికి తీసుకెళ్తానన్నాడు. జీటీ రోడ్డు మీద టాక్సీలు బాగుచేసే నితాయ్ మిస్త్రీ మాకు బాగా తెలిసినవాడు. తెలుగువాళ్ళ మధ్య పెరిగి మా యాస పట్టుకున్న బెంగాలీ. అతను వచ్చి తొంగిచూసి, "దానియేల్‌దా, రైలు మిస్త్రీకి మోటారు ఏటి తెలుస్తాది? ఒగ్గేయ్, నాను సేత్తాను" అన్నాడు. ఎగతాళికన్నాడో ప్రేమగా అన్నాడో, నాన్నకు మాత్రం పౌరుషం వచ్చింది. రైలంత బండికి దీపాలు పెట్టేవాడికి ఈ అగ్గిపెట్టె ఒక లెక్కా అన్నాడు. నితాయ్ చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

తీగల మీది నూలు రంగులన్నీ పోయి, అన్నీ టీ మడ్డి రంగుకి వచ్చేశాయి. ఏది ఎక్కడికి పోతుందో తెలియదు. నాన్న ఒక్కొక్కటీ విప్పి, ఇంట్లో ఆడవాళ్ళను పాత చీరల అంచులు అడిగి, ఆ పీలికలు గుర్తుగా కట్టాడు. అమ్మ ఆకుపచ్చ అంచు ముందు దీపాలకు. చిన్నత్త సుగుణ పసుపు చీర హారనుకి, ఆవిడ గొంతుకీ దానికీ సరిపోయిందని. మామ్మవి తెల్ల చీరలే. "ఎనకాల కూకునేదాన్ని గదా, నా పీలిక ఎనక దీపానికే కట్టు" అని ఆవిడే చింపి ఇచ్చింది. ఎలుకలు కొరికినచోట నాన్న కొత్త తీగ వేశాడు, దానిమీద అమ్మా చిన్నత్తా నూలు పట్టీ చుట్టారు. ఆదివారం మధ్యాహ్నాలు వాకిట్లో కొబ్బరినూనె రాసుకుని, వేరుశనగకాయలు ఒలుచుకు తింటూ, జడలల్లినట్టు తీగలు చుట్టే ఆడవాళ్ళను చూడడానికి క్వార్టర్లన్నీ వచ్చేవి.

నాన్న చేసిన పొరపాటు ఇక్కడే చెప్పాలి. రైలు పెట్టెలో ప్రతి దీపానికీ రెండు తీగలు, కరెంటు పోయేది ఒకటి, తిరిగొచ్చేది ఒకటి. పెట్టె ఇనుముకి కరెంటు తగలకూడదు, తగిలితే అది రోగం. ఆ రోగం వెతికి పట్టడమే నాన్న జీవితమంతా చేసిన పని. ఈ కారులో చూస్తే దీపానికి ఒక్కటే తీగ ఉంది. రెండోది ఎలుకలు తిన్నాయనుకున్నాడు పాపం. అన్నిటికీ రెండో తీగ లాగాడు. చచ్చిపోయిన పాత బ్యాటరీ నుంచి కారు ఇనుముకి బొటనవేలంత వెడల్పున అల్లిన రాగి పట్టీ బిగించి ఉంటే, "ఎవడ్రా ఈ పాపిష్టి పని సేసినాడు" అని ఊడదీసి అవతల పారేశాడు.

ఆ పట్టీ చిన్నత్త కళ్ళబడింది. గుడిలో పిల్లల క్రిస్మస్ నాటకం ఆవిడే ఆడించేది. నేను ఆ ఏడు తూర్పుదేశపు జ్ఞానుల్లో ఒకణ్ణి. చింతపండుతో తోమితే పట్టీ రాజుగారి మొలనూలులా మెరిసింది. ఆవిడ దాన్ని నా అంగీ నడుముకి కుట్టేసింది. మిగతా ఇద్దరు జ్ఞానులకూ జనపనార తాళ్ళే. వాళ్ళ ముఖాలు మాడిపోవడం చూసి నేను అనుభవించిన సుఖం ఇప్పుడు రాస్తుంటే కూడా గుర్తొస్తోంది.

డిసెంబరు వచ్చింది. కొత్త ఖర్జూర బెల్లం వచ్చింది. అమ్మ ఆ పాటాలీ బెల్లంతోనే అరిసెలు వండేది. చెరకు బెల్లం అరిసె గట్టిగా, నిజాయితీగా ఉంటుంది. ఇది మెత్తగా, పొగ వాసనతో, నోట్లో పెట్టగానే లొంగిపోతుంది. ఊరి నుంచి వచ్చిన చుట్టాలు ఇది అరిసె కాదని తగువు పెట్టుకుంటూనే డబ్బా ఖాళీ చేసేవారు. పండక్కి ముందరి ఆదివారం నాన్న బ్యాటరీ అద్దెకు తెచ్చి బిగించాడు. ఉతికిన తెల్లచీర కట్టుకుని మామ్మ ఎవరి చెయ్యీ పట్టకుండా, తలుపు పట్టుకుని, తనంతట తాను వెనక సీట్లో కూర్చుంది. ఆ ఒక్క ముక్కకే నాన్న కళ్ళు చెమర్చాయి. మీట నొక్కాడు. ముందు దీపాలు వెలిగాయి. వెనక దీపం వెలిగింది. హారను చిన్నత్తలాగే అరిచింది. పిల్లలం కేకలు పెట్టాం. తర్వాత ఇంజను తిప్పే పిడి లాగాడు. ఏమీ లేదు. కనీసం దగ్గనైనా దగ్గలేదు. ముందు కడ్డీ పెట్టి చేత్తో తిప్పాడు, మరొకడు తిప్పాడు, అందరూ తిప్పారు. దీపాలు మాత్రం దేదీప్యమానంగా వెలుగుతూనే ఉన్నాయి.

"దానియేలూ, బండి కదలకపోతే ఏటయ్యింది, ఈడే గుడి కట్టెయ్, దీపాలు ఉండనే ఉన్నాయి" అన్నాడు పక్కింటాయన. నాన్న నవ్వలేదు. మామ్మ మెల్లగా దిగి, "పోన్లేరా, బేగి దీపాలార్పు, నూనైతే మళ్ళీ పోత్తాం, అద్దె బేటరీ గదా అది" అని లోపలికెళ్ళి, గోడవైపు తిరిగి పడుకుంది. తెల్లచీర మడత పెట్టి పెట్టెలో పెట్టమని అమ్మతో అంది. పండగ ఇంకా రాకుండానే ఆ చీర పెట్టెలోకి పోవడం అమ్మ ఓర్చుకోలేకపోయింది. ఇంజనే చచ్చిపోయిందని నాన్న తల పట్టుకుని కూర్చుంటే, "నీ పౌరుషం పొయ్యిలో పెడితే కూడుడుకుతాదేటి?" అని, కొంగు బిగించి జీటీ రోడ్డు దాకా తానే నడిచివెళ్ళి నితాయ్‌ని తీసుకొచ్చింది.

నితాయ్ వంగి చూశాడు. రెండేసి తీగలు లెక్కపెట్టాడు. తర్వాత మట్టిలో చతికిలబడి, బీడీ కిందపడేలా నవ్వాడు. "దాదా, ఎటా రేల్‌గాడీ నా మోటొర్‌గాడీ?" ఇది రైలా మోటారా అని. తర్వాత నాన్న ముఖం చూసి నవ్వు ఆపుకుని, కారు ఇనుము మీద అరచేత్తో చరిచి, మోటారులో ఈ ఇనుమే రెండో తీగ అని చెప్పాడు. దీపాలకు నువ్వు వేరే దారి వేశావు, అవి వెలిగాయి. ఇంజనుకి ఇనుము తప్ప తిరిగొచ్చే దారి లేదు, ఆ దారి నువ్వే తెంపేశావన్నాడు. "రాగి పట్టీ ఒకటుండాలి, ఏదీ?" అన్నాడు. నితాయ్ చూపు తీగ మీద ఆరేసిన నా అంగీ మీద ఆగింది. "ఓలమ్మో! రాజుగారు కట్టుకున్నారు!"

చిన్నత్త బ్లేడుతో కుట్లు ఊడదీస్తుంటే నేను నేలమీద పడి దొర్లాను. నాకు జనపనార తాడు కట్టారు. మిగతా జ్ఞానులు ఎంత జ్ఞానంగా నవ్వారో! పట్టీ బిగించి పిడి లాగగానే ఇంజను ఒకసారి మూలిగి, ఎలుక గూడంతా పొగ గొట్టంలోంచి కక్కి, గడగడా అందుకుంది. తాను వేసిన అదనపు తీగలు తీసేస్తావా అని నాన్న అడిగితే, "అవన్నీ పీకడానికి నా ఆయుష్షు సాలదు, ఉండనీ" అన్నాడు నితాయ్. పండగనాడు తోలడానికి కూడా తానే వచ్చాడు. జీతమేమిటంటే అరిసెలన్నాడు.

క్రిస్మస్ మధ్యాహ్నం హౌరా వంతెన మీద ట్రాముల మధ్య, మూటల మధ్య, పూలబజారు నుంచి కొట్టుకొచ్చే బంతిపూల వాసనలో మా బండి నడిచింది. పట్టపగలు, అయినా నాన్న అన్ని దీపాలూ వేయించాడు. మామ్మ కిటికీలోంచి నదిని చూడలేదు, ట్రాములకేసే చూస్తూ కూర్చుంది. గుడి దగ్గర దిగి, ఒక చెయ్యి గోడకానించుకుని లోపలికి నడిచింది. పాస్టరుగారు కుర్చీ తెప్పిస్తే వద్దంది. స్తంభం దగ్గర ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. "ఇన్నాళ్ళూ ఏటయిపోనావే మరియమ్మా?" అని ఒకావిడ అడిగితే, "నేదు, ఇంటికాడ పనుండిపోనాది" అంది, నిన్నగాక మొన్నే వచ్చిపోయినట్టు. రొట్టె పళ్ళెం చేతి నుంచి చేతికి వచ్చి ఆవిడ చేతిలో ఆగి పక్కావిడ చేతిలోకి పోయింది. మామ్మ ఆ పళ్ళెం పోయినవైపే చూస్తూ ఉండిపోయింది. నా నాటకం ఎలా ఉందని ఇంటికొచ్చాక అడిగితే, నువ్వెప్పుడు ఆడావురా అంది.

తర్వాత రెండు చలికాలాలు ఆ బండి ఆదివారాలు నడిచింది. మామ్మ పోయాక నాన్నకు దానితో పని లేకపోయింది. ఎవరో తుక్కు ధరకు లాక్కుపోయారు. క్వార్టర్లు పోయాయి, కుంపట్ల పొగ పోయింది, నితాయ్ పోయాడు. నేను ఇంకా లిలువాలోనే ఉన్నాను.

ఇప్పుడు ఫోను నొక్కితే గుమ్మం ముందుకి కారు వస్తుంది. పోయిన క్రిస్మస్‌కి మనవరాలు అలాగే పిలిచింది, ఎక్కి ఆ గుడికే వెళ్ళాను. తెలుగు ఆరాధన విడిగా లేదు, చాన్నాళ్ళయిందిట ఆపి. అందరికీ కలిపి ఒకటే, ఇంగ్లీషులో. మర్యాదకు ఒక తెలుగు పాట పెట్టారు, తెర మీద ఇంగ్లీషు అక్షరాలతో. పిల్లలు పాపం పాడారు. నాకు వాళ్ళ మీద కోపం లేదు. చదవడం వచ్చి కూడా వాళ్ళకు నేర్పని మా తరం మీద ఉంది, అందులో నాకూ వాటా ఉంది. చాపలు లేవు, బెంచీలున్నాయి. ముసలమ్మలూ లేరు.

తిరుగుదారిలో వంతెన మీద డ్రైవరు కుర్రవాడు అద్దంలో చూసి, ఎక్కడి నుంచి వస్తున్నావు దాదూ అని బెంగాలీలో అడిగాడు. చర్చి నుంచి అన్నాను. ఏ చర్చి అన్నాడు. తెలుగువాళ్ళది అనబోయి ఆగాను. "భవానీపూర్" అన్నాను.