రేగాకు పూత, కాటుక సున్నా

రేగాకు ఉడికే వగరు వాసన మా షెడ్డు దాటి రోడ్డు దాకా పోతుంది. రాయచోటిలో ముగ్గురు ఆడవాళ్ళతో కలిసి మొటిమలకు పూత తయారుచేస్తున్నాను. రేగాకు, వేపాకు, కలబంద గుజ్జు, అంతే. కొత్త వాయి దించినప్పుడల్లా నా మోచేతి మడతలో చుక్క పెట్టుకుని, చుట్టూ కాటుకతో సున్నా గీస్తాను. మూడో రోజు చేయి చూసుకునేదాకా సీసాలకు మూత పెట్టనివ్వను. నాకు చాదస్తమని వాళ్ళు నవ్వుకుంటారు. ఈ చాదస్తం ఓబులమ్మక్కది.

కువైట్‌లో, ఫహాహీల్‌లోని ఒక ఇంట్లో పనికి చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఓబులమ్మక్క అప్పటికే పదకొండేళ్ళుగా అక్కడే ఉంది. యజమానురాలిని మామా అనేవాళ్ళం. ఆమె అత్తగారు ముసలి మామా. మంచం దిగలేని ఆమెకు స్నానం, అన్నం అన్నీ ఓబులమ్మక్కే చూసేది. నా ముఖం నిండా మొటిమలు. నేను వడ్డిస్తుంటే పిల్లలు మొహం తిప్పుకునేవాళ్ళు. అందుకే ముక్కు దాకా గుడ్డ కట్టుకుని వడ్డించేదాన్ని. ఆ ఇంట్లో నాతో ఎవరూ రెండు మాటలు మాట్లాడేవాళ్ళు కాదు.

"మొగం దాచిపెట్టుకుంటే పుండ్లు మానవు మే," అంది ఒకరోజు ఓబులమ్మక్క. స్నానం చేయించేటప్పుడు ముసలి మామా తలకు సిద్ర్ ఆకు పొడి రుద్దేది. పెరట్లో ఆ చెట్టు ఉండేది, మన రేగు జాతే. ఆ నీళ్ళు తగిలిన చోట తన చేతి మీది చెమటకాయలు తగ్గడం అక్క కనిపెట్టింది. ఆకు ఉడికించి, పలుచని గుడ్డలో వడకట్టి, మూడు రోజులు తన చేతి మీద చూసి, మరో మూడు రోజులు నా చేతి మీద చూసి, అప్పుడే ముఖానికి రాయనిచ్చింది. ఇంకో ఆకు కూడా కలుపుదామంటే ఒప్పుకోలేదు.

"రెండూ ఒకేతూరి కలిపితే యాది మాన్పిందో, యాది కాల్చిందో ఎట్ల తెలుస్తాది?"

నాకు ఓపిక లేదు. ఇఖామాకు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డుకు, ఫోటో దిగాలి, ఒకటి ఇంటికీ పంపాలి. అక్కకు తెలియకుండా పూతలో నిమ్మరసం పిండి ముఖమంతా రాసుకుని, మిద్దె మీద బట్టలు ఆరేయడానికి పోయాను. రెండు రోజులకు బుగ్గలు బొబ్బలెక్కాయి. అక్క తిట్టలేదు. ఒక చేతికి నిమ్మరసం రాసుకుని ఎండలో నిలబడింది. ఇంకో చేతికి రాసుకుని గుడ్డ కప్పుకుంది. ఎండ తగిలిన చేయే కాలింది.

"నిమ్మకాయతో ఎండ కలిసింది మే, అదీ సంగతి," అంది.

"నాకోసం చేయి కాల్చుకున్నావా అక్కా?" అని ఏడ్చాను.

"నీకోసమేం గాదులే. తెలుసుకోవల్ల గదా."

నేను ఆమెను చివరిసారి చూసిన రోజు కూడా ఆ మచ్చ ఆమె చేతి మీదే ఉంది.

ఆ ఎండాకాలం ఇంటివాళ్ళు విదేశానికి సెలవులకు వెళ్ళారు. అది 1990. ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. ఇంటివాళ్ళు తిరిగి రాలేకపోయారు. ఆ పెద్ద ఇంట్లో ముసలి మామా, అక్క, నేను మిగిలాం. వీధిలో మనిషి అలికిడి ఉండేది కాదు. బండి చప్పుడైతే గోడకు అతుక్కుపోయేవాళ్ళం. అక్క మాత్రం ఆకులు ఉడికించడం మానలేదు. వేపాకు కలిపిన కొత్త పూత తన చేతి మీద చూశాక, నా చేతి మీద చుక్క పెట్టి సున్నా గీసింది. మర్నాడు పొద్దున్నే పక్కింటి డ్రైవర్ వచ్చి, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోయే బస్సులో మా ఇద్దరికీ చోటుందని, గంటలో బయలుదేరాలని చెప్పాడు.

"నువ్వూ రా అక్కా," అన్నాను.

"నేనొస్తే ఆయమ్మకు నీళ్ళెవరు పోస్తారు?"

మంచం మీద నుంచి ముసలి మామా అక్కవైపు చేయి ఊపుతూ "రూహీ, రూహీ" అంది, వెళ్ళిపొమ్మని. పదకొండేళ్ళు అరబ్బీ మాట్లాడిన ఓబులమ్మక్క నావైపు తిరిగి, "ఏమంటాంది మే? నాకు తెలీలా," అంది. నా సంచిలో పూత సీసా పెట్టింది. నా చేయి తిప్పి చూసింది.

"ఇది రెండో దినమే. రేపు చూసుకో. ఎర్రబడకుంటేనే మొగానికి పెట్టు. తొందరపడాకు."

మూడో రోజు, బాగ్దాద్ దాటాక బస్సు ఎక్కడో ఆగింది. చొక్కా చేయి పైకి మడిచాను. సున్నా లోపల చర్మం శుభ్రంగా ఉంది. "అక్కా, చూడు," అని పక్కకు తిరిగాను. ఎవరో తెలియని ఆడమనిషి కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆ సీసా మూత చాలా రోజుల దాకా తీయలేకపోయాను.

యుద్ధం ముగిశాక ఆ ఇంటికి ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. అక్క తమ్ముడి ఊరికి రెండుసార్లు పోయి వచ్చాను. వాళ్ళకూ ఏమీ తెలియదు. బతికుందో లేదో తెలియని మనిషి కోసం ఎట్లా ఏడవాలో నాకు ఈరోజుకీ తెలియదు.

ఈ వాయికి ఇది మూడో రోజు. వాకిట్లో ఎండ పడే చోట నిలబడి చేయి చాపాను. ఎరుపు లేదు. చూసేవాళ్ళు ఎవరో ఉన్నట్టు కాసేపు అట్లాగే చాపి ఉంచాను. తర్వాత లోపలికి వచ్చి, సీసాలకు మూతలు పెట్టమన్నాను.