రవ్వంత నీళ్లు

నా భార్య పోయిన నెల విరుదునగర్ ఆసుపత్రిలో చనిపోయింది. ఆమె వేసే బొమ్మల మీద ఒక అమ్మాయి తీస్తున్న చిన్న డాక్యుమెంటరీకి అప్పటికి ఎడిటింగ్ కాలేదు. ఆ అమ్మాయికీ నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆ వారమంతా అదే మాట అందరికీ చెప్పి చెప్పి అలిసిపోయాను.

చాలా ఏళ్లుగా ఆమె రంగులు ముట్టలేదు. కోవిల్‌పట్టి దగ్గరి మా చేలో నల్లమట్టి తెచ్చి, జల్లించి, జిగురు కలిపి పలక మీద మెత్తేది. డాబా మీద ఎండకు మట్టి నెర్రెలు విచ్చేది. ఆ నెర్రెలే బొమ్మ. నెర్రె ఎక్కడ ఆగాలనుకుంటే అక్కడ నీళ్లు చిలకరించేది.

"చేలో ఉండేదాన్ని గోడకు తగిలిస్తావా?" అని మా అమ్మ నవ్వేది.

"చేలో ఉంటే ఎవురు చూస్తారత్తా?" అనేది.

నేను పలకలు మోసి అలిసిపోతే, "కూచో మామా, ఎండ పని చేస్తాంది గదా" అనేది.

కెమెరా వచ్చిన రోజు పట్టుచీర కట్టింది. తమిళంలో మాట్లాడింది. మాకు ఇంట్లో తెలుగు, బయటివాళ్లతో తమిళమే; ఆమెకు కెమెరా బయటి మనిషి. బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెబుతుండగా పలక మీది మట్టి గబగబా పగలసాగింది. కెమెరాను మరిచి నా వైపు తిరిగింది.

"రవ్వంత నీళ్లు తే మామా. అట్ల నిలబడి చూస్తాండావే, పెండ్లికొచ్చిండావా?"

ఆమె పోయాక ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "ఆ తెలుగు ముక్క తీసేస్తాను సార్. చూసేవాళ్లకు అర్థం కాదు. అమ్మకు గౌరవంగానూ ఉండదు."

"తక్కినదంతా ఆమె మీకు చెప్పింది," అన్నాను. "అదొక్కటే నాకు చెప్పింది. నాతో మాట్లాడే ఆమె గొంతు నా దగ్గర ఇంకెక్కడా లేదమ్మా."

"చూస్తాను సార్" అంది.

మొన్న విరుదునగర్‌లో ఒక కాలేజీ హాల్లో సినిమా వేశారు. ఆమె తమిళం వింటూ కూర్చున్నాను. పలక పగలసాగింది. ఆమె ఇటు తిరిగింది. నీళ్లడిగింది. నా వెనక వరసలో ఒక పెద్దాయన పక్కనున్నామెతో మెల్లగా, "మనోళ్లే" అన్నాడు.

తిరిగొచ్చి చెంబుతో నీళ్లు తీసుకుని డాబా ఎక్కాను. ఆసుపత్రికి వెళ్లేముందు ఆమె మెత్తిన పలక అక్కడే ఉంది. నెర్రెలు అంచుదాకా పాకాయి. ఎక్కడ చల్లాలో నాకు తెలియలేదు. చెంబు ఒళ్లో పెట్టుకుని, ఎండ దిగేదాకా దాని పక్కనే కూర్చున్నాను.